ఎసెక్స్ కౌంటీ నుంచి మార్తాస్ విన్యార్డ్‌కి: నైట్ వీఎఫ్ఆర్‌లో రేడియో ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

1999 జులై 16, శుక్రవారం. రాత్రి 8:38కి న్యూజెర్సీలోని ఎసెక్స్ కౌంటీ ఎయిర్‌పోర్ట్ నుంచి ఒక పైపర్ సారటోగా 2 టేకాఫ్ అయింది. పైలట్ జాన్ ఎఫ్. కెనడీ జూనియర్, వెనక ఆయన భార్య, ఆమె అక్క. ముందు మార్తాస్ విన్యార్డ్ దీవిలో దిగి, అక్కడి నుంచి హయానిస్ వెళ్లాలని ప్లాన్. 9:41 ప్రాంతంలో విమానం దీవికి పడమట సముద్రంలో కూలింది. ముగ్గురూ చనిపోయారు. 2000 జులైలో అమెరికా రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ తుది నివేదిక ఇచ్చింది: రాత్రి నీటి మీద దిగుతుండగా స్పేషియల్ డిసోరియంటేషన్ (విమానం ఎటు వాలిందో, ఎటు తిరుగుతోందో తెలియకపోవడం) వల్ల పైలట్ విమానం మీద అదుపు కోల్పోయారు, పొగమంచు లాంటి హేజ్, చీకటి రాత్రి తోడయ్యాయి.

ఈ కేసు మీద పత్రికల్లో వచ్చిందంతా ఆ కుటుంబం గురించే. నైట్ వీఎఫ్ఆర్, అంటే రాత్రిపూట బయటికి కంటితో చూస్తూ ఎగరడం, నేర్పేవాళ్లకు ఇందులో పనికొచ్చేది వేరే ఉంది. టేకాఫ్ నుంచి చివరి రేడార్ చుక్క వరకు, అమెరికా రూల్స్ ప్రకారం ఆ ఫ్లైట్‌లో రేడియో విషయంలో వేలు పెట్టి చూపించగల ఉల్లంఘన కనిపించదు. ఫ్లైట్ ప్లాన్ వేయలేదు, వేయనక్కర్లేదు. ఎసెక్స్ టవర్‌ను వదిలాక ఎవరితోనూ మాట్లాడిన రికార్డు లేదు, మాట్లాడనక్కర్లేదు. అంటే రూలు అడిగిందంతా చేసినా రాత్రి ఫ్లైట్‌కు కావలసింది చేసినట్టు కాదు. ఆ తేడా ఎక్కడెక్కడ ఉందో దారి వెంట చూద్దాం.

విమానం, పైలట్, వాతావరణం

1995లో తయారైన పీఏ-32ఆర్-301. 300 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజిన్, ముడుచుకునే చక్రాలు, జీపీఎస్, రెండు యాక్సిస్‌ల బెండిక్స్ కింగ్ ఆటోపైలట్, రెండు రేడియోలు. రాత్రి ఫ్లైట్‌కు చట్టం అడిగే సామాను కంటే చాలా ఎక్కువే ఉంది. అమెరికా విమానయాన నిబంధనల్లోని పార్ట్ 91.205 రాత్రికి అదనంగా అడిగేవి పొజిషన్ లైట్లు, యాంటీ కొలిజన్ లైటు, చాలినంత కరెంటు వనరు, అందుబాటులో స్పేర్ ఫ్యూజులు. అద్దెకు తిప్పితే ల్యాండింగ్ లైటు కూడా. రేడియో ఆ జాబితాలో లేనే లేదు! ఏ గగనతలంలోకి వెళ్తున్నామన్న దాన్ని బట్టే రేడియో తప్పనిసరి అవుతుంది, పగలా రాత్రా అన్నదాన్ని బట్టి కాదు.

పైలట్‌కు మొత్తం సుమారు 310 గంటలు, అందులో రాత్రివి 55. ఈ విమానంలో దాదాపు 36 గంటలు. కానీ పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఈ విమానంలో ఎగిరింది మూడు గంటలే, అందులో రాత్రి గంట కూడా లేదు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూసి ఎగరడానికి అర్హత, లేదు. ఆ రేటింగ్ కోర్సులో 25 పాఠాలకు 12 పూర్తయ్యాయి. ఆ సాయంత్రం తోడు వస్తానని ఒక ఇన్‌స్ట్రక్టర్ అడిగితే, ఒంటరిగానే వెళ్తానన్నారు.

అమెరికా ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌లోనే రాత్రి అర్హత కలిసి వస్తుంది: మూడు గంటల రాత్రి శిక్షణ, మొత్తం 100 నాటికల్ మైళ్లకు పైబడిన ఒక క్రాస్ కంట్రీ, పూర్తిగా ఆగే 10 ల్యాండింగులు. ఇన్‌స్ట్రుమెంట్ల మీద ఎగరడం మూడు గంటలు. ఆ మూడు గంటలు దాదాపు ఎప్పుడూ పగలు, బయట కనిపించకుండా హుడ్ పెట్టుకుని, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండగా సాగేవే. యూరప్‌లో రాత్రి రేటింగ్ విడిగా తీసుకోవాలి: ఐదు గంటలు, అందులో మూడు ఇన్‌స్ట్రక్టర్‌తో, ఐదు సోలో టేకాఫ్‌లు, ఐదు ల్యాండింగులు. గంటల లెక్కలో పెద్ద తేడా లేదు. రెండుచోట్లా నేర్పేది ఎక్కువగా రన్‌వే లైట్ల మధ్య దిగడం. లైట్లే లేని చోట ఎగరడం ఎవరి సిలబస్‌లోనూ సరిపడా లేదు.

సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో ఇంటర్నెట్‌లో తీసుకున్న వాతావరణ సమాచారం ఆకర్షణీయంగానే ఉంది. దారిలో చాలాచోట్ల 10 మైళ్ల విజిబిలిటీ, బయల్దేరే చోట హేజ్‌లో 4 మైళ్లు, తక్కువ ఎత్తులో మేఘాలు లేవు. అమెరికా గగనతలాన్ని నియంత్రణను బట్టి అక్షరాలతో క్లాసులుగా విభజిస్తారు; క్లాస్ ఈ (E) గగనతలంలో 10,000 అడుగుల కింద వీఎఫ్ఆర్‌కు కావలసింది 3 స్టాట్యూట్ మైళ్లు, మేఘాలకు 500 అడుగులు కింద, 1,000 పైన, 2,000 పక్కకు. ఈ లెక్కన రాత్రి 8:53కి మార్తాస్ విన్యార్డ్ రిపోర్టు చాలా మంచిది: ఆకాశం నిర్మలం, విజిబిలిటీ 8 మైళ్లు, ఉష్ణోగ్రత 23, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 19.

ఆ ఆఖరి రెండు అంకెల దగ్గర కాసేపు ఆగాలి. తేడా 4 డిగ్రీలే. జులైలో తీరం వెంట తేడా ఇంత తక్కువగా ఉంటే హేజ్ ఉంటుందనే అనుకోవాలి. ఎయిర్‌పోర్ట్‌లో విజిబిలిటీ కొలిచేది నేల మీద, అడ్డంగా. 5,000 అడుగుల నుంచి హేజ్ పొర గుండా ఏటవాలుగా చూస్తే కనిపించేది అంత ఉండదు. ఇక నీటి మీద చూడటానికి లైట్లే లేనప్పుడు విజిబిలిటీ 8 మైళ్లయినా 80 అయినా పైలట్‌కు ఒకటే. విజిబిలిటీ, హొరైజన్ (ఆకాశం నేలను కలిసే గీత) రెండూ వేర్వేరు. రూలు మొదటిదే అడుగుతుంది.

సూర్యుడు, చంద్రుడు, మూడు రకాల రాత్రి

ఆ రోజు సూర్యాస్తమయం 8:14. పొజిషన్ లైట్లు వేయాల్సింది అప్పటి నుంచి. సివిల్ ట్విలైట్, అంటే సంధ్యవెలుగు, ముగిసింది 8:47కి. లాగ్‌బుక్‌లో రాత్రిగా రాసుకునేది అక్కడి నుంచి. సూర్యాస్తమయానికి గంట తర్వాత, అంటే 9:14 నుంచి, ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గడిచిన 90 రోజుల్లో ఆ వేళల్లో మూడు టేకాఫ్‌లు, పూర్తిగా ఆగిన మూడు ల్యాండింగులు ఉండాలి. టచ్ అండ్ గో లెక్కకు రాదు. ఇంధనం గమ్యం చేరాక పగలు 30 నిమిషాలకు, రాత్రి 45 నిమిషాలకు మిగలాలి.

విద్యార్థులు ఈ మూడు గడియారాలనూ కలిపేసి గందరగోళపడతారు. కానీ ఈ కేసులో అసలు లెక్క నాలుగోది. టేకాఫ్ 8:38కి, అంటే ఇంకా వెలుగుండగానే. విమానం నీటి మీదకు వచ్చేసరికి తొమ్మిదిన్నర. ఆకాశంలో ఉన్న చంద్రుడు సన్నని నెలవంక, వెలుగు దాదాపు 19 శాతం, పడమటి దిక్కున హొరైజన్‌కు పది పన్నెండు డిగ్రీల పైన. విమానం వెళ్తున్నది తూర్పుకు. ఉన్న కాస్త వెలుతురూ పైలట్ వీపు వెనకే ఉంది. చంద్రుడి వయసు, దిక్కు, ఎత్తు ఫ్లైట్ ప్లానింగ్ కాగితం మీద రాసుకోవడం అరనిమిషం పని. నైట్ బ్రీఫింగుల్లో ఎక్కువగా వదిలేసేదీ అదే.

తప్పనిసరి మాటలు రెండే

ఎసెక్స్ కౌంటీ క్లాస్ డి, అంటే కంట్రోల్ టవర్ ఉన్న ఎయిర్‌పోర్ట్ చుట్టూ ఉండే గగనతలం. టవర్‌తో మాట్లాడకుండా కదలకూడదు. టేకాఫ్ క్లియరెన్స్ ఇచ్చాక కంట్రోలర్ టెటర్‌బరో వైపా అని అడిగారు. కాదు, దానికి కాస్త ఉత్తరంగా, తూర్పుకు అని పైలట్ చెప్పారు. 22 రన్‌వే రైట్ డౌన్‌విండ్ డిపార్చర్ అని చదివి వినిపించారు. ఆ విమానం నుంచి రికార్డయిన చివరి మాట అదే.

అక్కడి నుంచి రేడార్ తెర మీద అది ట్రాన్స్‌పాండర్‌లో (రేడార్‌కు కోడ్ పంపే పరికరం) 1200 కోడ్‌తో వెళ్తున్న ఒక చుక్క మాత్రమే. అమెరికాలో వీఎఫ్ఆర్‌లో ఎవరి సేవా తీసుకోని విమానాలన్నీ పెట్టేది 1200నే. న్యూయార్క్ క్లాస్ బిలోకి (పెద్ద ఎయిర్‌పోర్ట్‌ల చుట్టూ ఉండే గగనతలం) దూరాలంటే క్లియరెన్స్ కావాలి. క్లాస్ సి అయితే టూవే రేడియో సంపర్కం కుదిరితే చాలు, అంటే కంట్రోలర్ మీ కాల్‌సైన్ (రేడియోలో విమానం పేరు) పలకాలి. మధ్యలోని క్లాస్ ఈకి ఏదీ అక్కర్లేదు. తూర్పుకు వెళ్లే వీఎఫ్ఆర్ విమానానికి 5,500 అడుగులు సరైన ఎత్తే, బేసి వేలు ప్లస్ 500. తర్వాత మాట్లాడక తప్పనిది మార్తాస్ విన్యార్డ్ టవర్‌తో, క్లాస్ డి అంచుకు చేరకముందు. రమారమి గంట ప్రయాణంలో చట్టం అడిగిన సంభాషణలు ఆ మొదటిదీ, ఎప్పటికీ జరగని ఆ రెండోదీ.

టేకాఫ్ అయిన కొద్ది నిమిషాలకే మౌనం ఖరీదు ఒకసారి తెలిసింది. వైట్ ప్లెయిన్స్‌లోని వెస్ట్‌చెస్టర్ కౌంటీ ఎయిర్‌పోర్ట్‌కు దిగుతున్న ఒక ఎయిర్‌లైన్ విమానానికి ఎదురుగా, ఎత్తెక్కుతూ ఒక వీఎఫ్ఆర్ చుక్క వచ్చింది. కంట్రోలర్ ఎయిర్‌లైన్ పైలట్‌కు చెప్పగలిగారు గానీ చుక్కకు చెప్పలేకపోయారు. అది ఏ ఫ్రీక్వెన్సీలో ఉందో, ఎవరో తెలియదు. ఎయిర్‌లైన్ విమానంలో టీకాస్ (ఢీకొనే ప్రమాదాన్ని పసిగట్టే పరికరం) రిజల్యూషన్ అడ్వైజరీ, అంటే తప్పించుకోమనే హెచ్చరిక, మోగింది. ఆ చుక్క ఈ సారటోగానే అని రేడార్ రికార్డులు తర్వాత చూపించాయి.

ఆ చోట ఫ్లైట్ ఫాలోయింగ్, అంటే కంట్రోలర్ రేడార్‌లో మనల్ని గమనిస్తూ దగ్గరికొచ్చే విమానాల గురించి చెప్పే సేవ, అడిగి ఉంటే పని ఇలా జరిగేది. ముందు పిలుపు మాత్రమే: "న్యూయార్క్ అప్రోచ్", మన కాల్‌సైన్, "వీఎఫ్ఆర్ రిక్వెస్ట్". ఫ్రీక్వెన్సీ తీరికగా లేనప్పుడు మొత్తం కథ మొదటి పిలుపులోనే చెప్పేస్తే కంట్రోలర్ దాన్ని పట్టించుకోలేరు. "గో అహెడ్" అన్నాక విమానం రకం, ఎక్కడున్నాం, ఎంత ఎత్తు, ఎంతకు ఎక్కుతున్నాం, గమ్యం, "రిక్వెస్ట్ ఫ్లైట్ ఫాలోయింగ్". నాలుగంకెల కోడ్ ఇస్తారు. అది ట్రాన్స్‌పాండర్‌లో పెట్టాక "రేడార్ కాంటాక్ట్" అనే మాట కోసం ఆగాలి. అది వినిపించేదాకా మనం ఎవరి బాధ్యతలోనూ లేము. అక్కడి నుంచి అప్పట్లో న్యూయార్క్, ప్రావిడెన్స్, కేప్ వంటి అప్రోచ్‌లు ఒకరి చేతి నుంచి ఒకరికి అందించేవి. కంట్రోలర్‌కు తీరిక లేకపోతే "అనేబుల్" అనొచ్చు, మధ్యలో "రేడార్ సర్వీస్ టెర్మినేటెడ్, స్క్వాక్ వీఎఫ్ఆర్" అని వదిలేయొచ్చు కూడా. అప్పుడు పక్క సెక్టర్‌ను మనమే పిలిచి మళ్లీ అడగాలి. మొహమాటపడి ఊరుకునేవాళ్లు చాలామంది.

ఫ్లైట్ ఫాలోయింగ్ ఉన్నా వీఎఫ్ఆర్ వీఎఫ్ఆరే. కొండను తప్పించే బాధ్యత, మేఘానికి దూరంగా ఉండే బాధ్యత, క్లాస్ బి క్లియరెన్స్ వచ్చిందో లేదో చూసుకునే బాధ్యత పైలట్‌వే.

పాయింట్ జూడిత్ దగ్గర

బ్రిడ్జ్‌పోర్ట్ దాటాక విమానం కనెక్టికట్ తీరం వెంట సాగి, రోడ్ ఐలండ్‌లోని పాయింట్ జూడిత్ దాకా వచ్చింది. అక్కడిదాకా ఎడమ పక్కన ఊళ్ల లైట్లు, హైవే లైట్లు. ఆ మొన దగ్గర తీరాన్ని వదిలి నేరుగా రోడ్ ఐలండ్ సౌండ్ మీదకు తిరిగింది. ఎదురుగా దీవి పడమటి కొసకు ఉజ్జాయింపుగా 30 నాటికల్ మైళ్ల నల్లని నీళ్లు.

చార్టు తీసి కొలిస్తే ఇంకో దారి ఉంది. పాయింట్ జూడిత్ నుంచి తీరం పట్టుకుని న్యూ బెడ్‌ఫర్డ్, అక్కడి నుంచి బజార్డ్స్ బే దాటి వుడ్స్ హోల్, ఆపైన సన్నని విన్యార్డ్ సౌండ్. ఎయిర్‌పోర్ట్‌కు నేరుగా 39 మైళ్లయితే ఇలా 52 దాకా వస్తుంది. 160 నాట్ల విమానానికి అది ఐదు నిమిషాల తేడా. బే దాటేటప్పుడూ ముందూ వెనకా ఒడ్డు లైట్లుంటాయి. జీపీఎస్‌లో డైరెక్ట్ టు నొక్కితే మెజెంటా గీత నీళ్ల మీదుగానే పోతుంది, దానికి చీకటి తెలియదు.

అదే సాయంత్రం టెటర్‌బరో నుంచి నాన్‌టకెట్ వెళ్లిన మరో పైలట్ ఎన్‌టీఎస్‌బీకి చెప్పిన మాట ఈ కేసుకు కీలకం. నీటి మీద హొరైజన్ లేదు. మార్తాస్ విన్యార్డ్ వైపు చూస్తే ఒక్క లైటు కూడా కనపడలేదు. దీవిలో కరెంటు పోయిందేమో అనుకున్నారట. ఆ చీకటి సంగతి ఎయిర్‌పోర్ట్ రిపోర్టులో లేదు. తెలిసింది గాల్లో ఉన్నవాళ్లకే.

నైట్ వీఎఫ్ఆర్‌లో రేడియోకు నా లెక్కలో మొదటి ఉపయోగం ఇక్కడ. కంట్రోలర్ సలహా కంటే కూడా, మనకంటే ముందు వెళ్తున్న పైలట్ కళ్లు. ఫ్లైట్ ఫాలోయింగ్‌లో ఉంటే ఒక్క ప్రశ్న చాలు (పైరెప్ అంటే ఇతర పైలట్లు గాల్లోంచి ఇచ్చే రిపోర్టు): "ఎనీ పైరెప్స్ ఫర్ విజిబిలిటీ ఓవర్ ద సౌండ్?" కంట్రోలర్ దగ్గర లేకపోతే అటువైపున్న విమానాన్ని పిలిచి అడుగుతారు. అడగాల్సింది విజిబిలిటీ ఎన్ని మైళ్లని మాత్రమే కాదు, "డూ దే హ్యావ్ ఎ హొరైజన్" అని. రెండో జవాబు కాదని వస్తే ఆ నీళ్ల మీదకు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేకుండా వెళ్లకూడదు, చట్టం పంపించినా సరే. చట్టానికీ ఇది తెలియనిది కాదు. చంద్రుడు లేని రాత్రి సముద్రం మీద హొరైజన్ కనిపించక ఇన్‌స్ట్రుమెంట్లతోనే విమానాన్ని అదుపులో పెట్టాల్సి వస్తే, వాతావరణం వీఎఫ్ఆరే అయినా ఆ సమయాన్ని యాక్చువల్ ఇన్‌స్ట్రుమెంట్‌గా లాగ్ చేసుకోవచ్చని 1984లోనే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ లీగల్ ఇంటర్‌ప్రెటేషన్ ఇచ్చింది. లాగ్‌బుక్‌కు ఒప్పుకున్నారు, లైసెన్స్ అర్హతకు మాత్రం ముడిపెట్టలేదు.

ఆఖరి ఏడు నిమిషాలు

ఎయిర్‌పోర్ట్‌కు 34 మైళ్లు పడమట 5,500 అడుగుల నుంచి దిగడం మొదలైంది. వేగం 160 నాట్లు, నిమిషానికి 400 నుంచి 800 అడుగుల చొప్పున. చక్కటి డిసెంట్.

9:38 ప్రాంతంలో కుడికి తిరిగింది. అరనిమిషానికి 2,200 అడుగుల దగ్గర దిగడం ఆగి, మళ్లీ ఎక్కడం మొదలైంది. 9:39కి 2,500 దగ్గర నిలబడి ఆగ్నేయంగా సాగింది. యాభై సెకన్ల తర్వాత ఎడమకు తిరుగుతూ 2,600కు ఎక్కి, ఆ మలుపులోనే దిగడం మొదలై నిమిషానికి 900 అడుగులకు చేరింది. తూర్పు ముఖానికి వచ్చాక మలుపు ఆగింది, దిగడం ఆగలేదు. 9:40:15కి మళ్లీ కుడి మలుపు. మలుపు బిగుసుకునే కొద్దీ వేగం, దిగుడు రెండూ పెరిగాయి. దిగుడు నిమిషానికి 4,700 అడుగులు దాటింది. 9:40:34కి 1,100 అడుగుల దగ్గర చివరి రేడార్ స్థానం.

కుడి మలుపు మొదలైన క్షణం నుంచి ఆ చివరి చుక్కకు 19 సెకన్లు. 4,700 అడుగుల లెక్కన మిగిలిన 1,100 అడుగులు 14 సెకన్ల పని.

లోపల జరిగేది ఇది. చెవి లోపలి అర్ధవృత్తాకార నాళికలు మెల్లగా మొదలైన మలుపును పట్టుకోలేవు, సెకనుకు రెండు డిగ్రీల లోపు ఉంటే అసలు తెలియదు. పట్టుకున్నా, ఒకే తీరుగా తిరుగుతుంటే పది ఇరవై సెకన్లలో ఆ ద్రవం స్థిరపడి తిరగడం లేదనే చెబుతుంది. అప్పుడు సరిదిద్దితే ఎదురువైపు తిరుగుతున్నట్టు అనిపించి, పైలట్ మళ్లీ పాత వాలులోకే వెళ్తాడు. వాలిన విమానం ముక్కు దించుతుంది. ఆల్టిమీటర్ పడిపోతుంటే చేయి యోక్‌ను (కంట్రోల్ చక్రాన్ని) వెనక్కి లాగుతుంది. రెక్కలు వాలి ఉండగా లాగితే మలుపు ఇంకా బిగుస్తుంది తప్ప ఎత్తు రాదు. బయటపడే క్రమం ఒకటే: పవర్ తగ్గించు, విమానం వాలు చూపే యాటిట్యూడ్ ఇండికేటర్ చూస్తూ రెక్కలు సమం చెయ్యి, ఆ తర్వాతే మెల్లగా ముక్కు ఎత్తు.

ఈ 19 సెకన్లలో రేడియో ఏమీ చేయలేదు. కంట్రోలర్‌కు రేడార్ తెర మీద కొత్త స్థానం కనిపించేది కొన్ని సెకన్లకొకసారి. "చెక్ ఆల్టిట్యూడ్" అనేలోపే అయిపోతుంది. ఫ్లైట్ ఫాలోయింగ్ ఉంటే బతికేవారని రాసినవాళ్లు ఈ లెక్క వేయలేదు.

చేయగలిగిన సమయం దానికి ముందు, 9:38 నుంచి 9:40 దాకా. దిగుతూ ఆగి, ఎక్కి, దిక్కు మార్చి, మళ్లీ మార్చిన ఆ రెండు నిమిషాలు. అప్పటికే ఫ్రీక్వెన్సీలో ఉన్న పైలట్ ఒక వాక్యం అనగలడు: హొరైజన్ లేదు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేదు, సాయం కావాలి. కంట్రోలర్ల ప్రొసీజర్ దానికి సిద్ధంగా ఉంది. ఐఎఫ్ఆర్‌లో, అంటే పరికరాల మీదే, ఎగరగల అర్హత, సామర్థ్యం ఉన్నాయా అని ముందు అడుగుతారు. లేదంటే నిటారుగా ఎక్కించరు, గబగబా తిప్పరు. రెక్కలు సమంగా ఉంచమని చెప్పి, చిన్న మలుపులతో లైట్లున్న ఒడ్డు వైపు నడిపిస్తారు. ఆ సారటోగాలో ఆటోపైలట్ కూడా ఉంది. హెడింగ్ మోడ్, ఆల్టిట్యూడ్ హోల్డ్ పెట్టి వెనక్కి తిప్పమని గుర్తుచేయడానికి పక్క సీట్లో ఎవరూ లేరు. హెడ్‌సెట్‌లో ఒక గొంతు ఉండి ఉండొచ్చు. ఇది ఊహే. కానీ అప్పటిదాకా మాట్లాడని ఫ్రీక్వెన్సీ వెతికి, కొత్త గొంతుతో మొదటిసారి సాయం అడగడం భయంలో ఉన్న పైలట్‌కు దాదాపు అసాధ్యం. సంపర్కం ముందే ఉండాలనేది అందుకే.

రేడియో వల్లే వచ్చే ప్రమాదం

దీని గురించి తక్కువ మాట్లాడతారు. దీవికి 30 మైళ్ల లోపు మామూలుగా చేసే పనులు చూడండి: ఏటిస్ (ఎయిర్‌పోర్ట్ వాతావరణం, రన్‌వే సమాచారం చెప్పే రికార్డింగ్) వినాలి, టవర్ ఫ్రీక్వెన్సీ తిప్పాలి, డిసెంట్ మొదలుపెట్టాలి, మిక్స్చర్, ఫ్యూయల్ సెలెక్టర్, చెక్‌లిస్ట్. నాబ్ తిప్పడానికి తల వంచి పక్కకు తిప్పితే, విమానం మలుపులో ఉన్నప్పుడు చెవి నాళికలు రెండు యాక్సిస్‌లలో ఒకేసారి కదులుతాయి. తల ఎత్తేసరికి విమానం దొర్లుతున్నట్టు ఉంటుంది. హొరైజన్ కనిపిస్తే అది క్షణంలో సర్దుకుంటుంది. కనిపించకపోతే సర్దుకోదు.

కాబట్టి నీటి మీదకు వెళ్లకముందే, 5,500లో లెవెల్‌గా, ఒడ్డు లైట్లు కనిపిస్తుండగానే ఏటిస్ విని రాసుకోవాలి. ఒకటో రేడియోలో అప్రోచ్, దాని స్టాండ్‌బైలో టవర్. రెండో రేడియోలో ఏటిస్, స్టాండ్‌బైలో అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5. ఆ తర్వాత నీళ్లు దాటేదాకా చేయాల్సింది ఒక్క బటన్ నొక్కడమే, అదీ తల కదపకుండా. అప్రోచ్‌తో ఉంటే ఇంకో సుఖం, టవర్ ఫ్రీక్వెన్సీ వాళ్లే చెబుతారు.

ఎత్తు కూడా రేడియో సామానే. విమానాల రేడియో వాడే వీహెచ్ఎఫ్ తరంగం కంటిచూపులా సూటిగా పోతుంది. అడుగుల్లో ఎత్తుకు వర్గమూలం తీసి 1.23తో గుణిస్తే నాటికల్ మైళ్లలో దాదాపు పరిధి. 5,500 అడుగుల్లో 91 మైళ్లు, 1,000 అడుగుల్లో 39, 500లో 27. కనపడట్లేదని కిందికి దిగేవాడు గొంతు వినిపించే దూరాన్ని కూడా దించుకుంటున్నాడు.

టవర్ మూసేసిన చోట రేడియో లైటు స్విచ్ అవుతుంది. చాలా ఎయిర్‌పోర్ట్‌లలో సీటీఏఎఫ్ (టవర్ లేనప్పుడు పైలట్లంతా వాడే ఫ్రీక్వెన్సీ) మీద మైక్ బటన్ ఐదు సెకన్లలో ఏడుసార్లు నొక్కితే రన్‌వే లైట్లు పూర్తి కాంతితో, ఐదుసార్లు నొక్కితే మధ్యస్థంగా, మూడుసార్లు నొక్కితే తక్కువగా వెలుగుతాయి, పదిహేను నిమిషాలుంటాయి. ముందే వెలిగి ఉన్నా ఫైనల్‌కు ముందు ఇంకోసారి నొక్కాలి, లేకపోతే ఫ్లేర్‌లో, అంటే నేల తాకబోయే క్షణంలో, ఆరిపోయే అవకాశం ఉంది. లైట్లు రాకపోతే మొదట అనుమానించాల్సింది మన ఫ్రీక్వెన్సీనే. రేడియో పోతే ట్రాన్స్‌పాండర్‌లో 7600 పెట్టి, టవర్ లైట్ గన్ నుంచి వచ్చే రంగు లైటు చూడాలి: ఆగని పచ్చ అంటే దిగొచ్చు, మినుకుమనే ఎరుపు అంటే ఎయిర్‌పోర్ట్ సురక్షితం కాదు. అందిందని చెప్పడానికి రాత్రి రెక్కలు ఊపినా ఎవరికీ కనపడవు, ల్యాండింగ్ లైటో నావ్ లైట్లో మినుకుమనిపించాలి.

అదే ఫ్లైట్ వేరే దేశంలో అయితే

యూరప్‌లో సెరా 5005 అనే గగనతల నిబంధన ప్రకారం రాత్రి వీఎఫ్ఆర్‌కు ఆ దేశ అధికారులు అనుమతిస్తే, ఎయిర్‌పోర్ట్ పరిసరాలు దాటే ప్రతి ఫ్లైట్‌కూ ఫ్లైట్ ప్లాన్ ఉండాలి. అందుబాటులో ఉన్న ఏటీఎస్ (ఎయిర్ ట్రాఫిక్ సేవల) చానల్‌లో టూవే సంపర్కం పెట్టుకుని కొనసాగించాలి. సీలింగ్ (మేఘాల అడుగు ఎత్తు) 1,500 అడుగులకు తగ్గకూడదు. 8 కిలోమీటర్ల లోపు అన్నిటికంటే ఎత్తైన అడ్డంకికి 1,000 అడుగులు పైన, కొండ ప్రాంతాల్లో 2,000 అడుగులు పైన ఉండాలి. 3,000 అడుగులు, ఆ కిందికి వస్తే నేల గానీ నీరు గానీ నిరంతరం కనిపిస్తూ ఉండాలి. ఈ ఆఖరి షరతు ఆ 2,500 అడుగుల రెండు నిమిషాలకు సూటిగా తగులుతుంది. మిగతావన్నీ పాటించినా హొరైజన్ మాత్రం అక్కడి రూలూ అడగదు. బ్రిటన్ 2012 జూన్ దాకా రాత్రి వీఎఫ్ఆర్‌నే ఒప్పుకోలేదు. ఐఎఫ్ఆరో, కంట్రోల్ జోన్‌లో స్పెషల్ వీఎఫ్ఆరో.

భారత ఏఐపీ (అధికారిక విమానయాన సమాచార గ్రంథం) ఇంకా గట్టిది. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా వీఎఫ్ఆర్ లేదు. లోకల్ ఫ్లైట్లకు, ఫ్లయింగ్ క్లబ్బుల శిక్షణకు ఏటీసీ అనుమతిస్తేనే మినహాయింపు. కాబట్టి ఇక్కడి విద్యార్థి రాత్రి గంటలు ఎక్కువగా టవర్ వింటుండగా సర్క్యూట్లలోనే గడుస్తాయి. సీపీఎల్‌కు (కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు) కావలసిన ఐదు రాత్రి గంటలు, పది టేకాఫ్‌లు, పది ల్యాండింగుల కోసం, లేదా మొత్తం శిక్షణ కోసమే అమెరికా వెళ్లే మన పిల్లలకు అక్కడ హఠాత్తుగా ఈ స్వేచ్ఛ దొరుకుతుంది: ఎవరినీ అడగకుండా రాత్రి రెండు రాష్ట్రాలు దాటి వెళ్లొచ్చు. ఫ్లోరిడాలో సముద్రం మీదైనా, అరిజోనా ఎడారి మీదైనా చీకటి ఒకటే రకం. ఇంటి దగ్గర టవర్ తనంతట తానే చేసిపెట్టిన పని అక్కడ తామే అడిగి చేయించుకోవాలని వెళ్లేముందు ఎవరూ చెప్పరు.

తర్వాతి ఐదు గంటలు

విమానం 9:41కి కూలితే, అధికారులకు కుటుంబ మిత్రుడి ఫోన్ వెళ్లింది రాత్రి రెండు దాటాక. అప్పుడే వెతుకులాట మొదలైంది. ఫ్లైట్ ప్లాన్ లేదు కాబట్టి ఆలస్యమైందని ఏ ఆఫీసుకూ తెలియదు. ఫ్లైట్ ఫాలోయింగ్ లేదు కాబట్టి చుక్క మాయమైందని ఏ కంట్రోలరూ చూడలేదు. అంత వేగంతో నీటిని తాకాక ప్రాణాలకు ఆ గంటలు తేడా తెచ్చేవి కావు. ఇంజిన్ ఆగి నీటి మీద దింపుకున్న వాళ్లకైతే అవే అన్నీ. శిథిలాలు దొరికింది నాలుగైదు రోజులకు, దీవికి ఏడున్నర మైళ్ల దూరంలో, సుమారు 120 అడుగుల లోతున.

ఇప్పుడు కొన్ని మారాయి. 2020 జనవరి 1 నుంచి క్లాస్ బి చుట్టూ 30 మైళ్లలో ఏడీఎస్-బి అవుట్ (విమానం తన గుర్తింపు, స్థానం ప్రసారం చేసే పరికరం) ఉండాలి కనుక ఆ వైట్ ప్లెయిన్స్ చుక్క ఎవరిదో ఈరోజు తెలుస్తుంది, ఆఖరి స్థానమూ రికార్డవుతుంది. 121.5 మెగాహెర్ట్జ్ ఈఎల్‌టీలను (కూలితే తనంతట తాను సిగ్నల్ పంపే పరికరాలను) ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరిలో ఆగిపోయింది. 406 మెగాహెర్ట్జ్‌ది, విమానం వివరాలతో రిజిస్టర్ చేసినది ఉండాలి. అయినా నీటిలో మునిగిన ఈఎల్‌టీ సిగ్నల్ పైకి రాదు.

వీఎఫ్ఆర్ ఫ్లైట్ ప్లాన్ వేస్తే టేకాఫ్ తర్వాత దాన్ని యాక్టివేట్ చేయించాలి. ఫైల్ చేసి వదిలేస్తే అది సిస్టమ్‌లో నిద్రపోతూ ఉంటుంది, ఎవరూ మన కోసం వెతకరు. చెప్పిన వేళకు అరగంట దాటినా మూసేయకపోతే ఫ్లైట్ సర్వీస్ ముందు ఫోన్లతో, ఆపైన విమానాలతో వెతకడం మొదలుపెడుతుంది. అందుకే రాత్రి దిగాక ఇంజిన్ ఆపి, టైడౌన్ కట్టి, కారెక్కేముందు 1-800-డబ్ల్యూఎక్స్-బ్రీఫ్‌కు ఫోన్ చేసి మూసేయాలి. టవర్ మన కోసం మూస్తుందని కొందరు అనుకుంటారు. అమెరికాలో మూయదు.